నాలుగు పిన్నీసులు

మంగళవారం ఉదయం కెజియా ఫోన్ చేసినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. వృద్ధుల కేర్ హోమ్‌లో పొద్దున పూట మేము ఫోన్ ఎత్తకూడదు. ఆ సంగతి మా అమ్మాయికి బాగా తెలుసు. తెలిసీ చేసిందంటే ఏదో అయిందన్నమాట. దుప్పట్లు సర్దే గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుని ఎత్తాను.

"అమ్మా, సర్ పోయారు."

ఏ సర్ అని అడగలేదు. మా ఇంట్లో సర్ అంటే ఒక్కరే. నిద్రలోనే పోయారట. నిన్న సాయంత్రమే తనకు తెలిసిందట. అది ఏడుస్తూ చెబుతుంటే నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. ఆ ప్రశ్నేమిటో, దానికి అది ఏం జవాబు చెప్పిందో చివర్లో రాస్తాను. ముందు ఆ మనిషి ఎలాంటివాడో చెప్పకపోతే ఆ జవాబు ఎంత బరువైనదో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఆక్లాండ్‌లో హైస్కూలునే కాలేజీ అంటారు. టకానిని దగ్గర మా అమ్మాయి చదివిన కాలేజీలో ఆయన లెక్కల మాస్టారు. జీతం లెక్కలకు, ప్రాణం మాత్రం పరుగుకు. గడ్డి, బురద, గుట్టలు, కంచెలు దాటుకుంటూ మైళ్ళకొద్దీ పరుగెత్తే పోటీని క్రాస్ కంట్రీ అంటారు. ఆ పోటీకి అమ్మాయిల జట్టును ఆయన ఇరవై ఏళ్ళ పైచిలుకు తయారు చేశారు. మనిషి ఖాజీపేట వారు. రైలు పట్టాల పక్కన పరుగెత్తి పెరిగానని చెప్పేవారు. "గూడ్సు బండితోటి పందెం పెట్టుకునేటోణ్ణి. ఎప్పుడూ ఓడలే. ఎందుకంటే సిగ్నల్ కాడ అది ఆగుతది, నేను ఆగ."

ఎండైనా వానైనా ఒకే ఊదారంగు వాన జాకెట్టు. దాని జిప్పు పక్కన పైనుంచి కిందిదాకా పిన్నీసులు, మన అమ్మలు గాజులకు తగిలించుకుంటారే, అలా. పోటీ రోజున పిల్లల బనీన్ల మీద నంబరు కాగితం అంటించడానికి అవి. ఇంకెవరినీ అంటించనిచ్చేవారు కాదు. ఆరుగురు పిల్లలు వరసగా నిలబడాలి. ఒక్కొక్కరికి నాలుగేసి పిన్నీసులు. ఒక్కొక్క పిన్నీసుకు ఒక్కొక్క ప్రశ్న.

ఎడమ భుజం కింద మొదటిది పెడుతూ, "పండుకున్నవా?"

కుడి పక్కన రెండోది, "తిన్నవా?"

కింద మూడోది, "యాడన్న నొస్తున్నదా?"

నాలుగోది, "భయమైతుందా?"

మిగిలిన పిల్లలను ఇంగ్లిషులో అడిగేవారు, మా అమ్మాయిని తెలుగులో. కానీ ఆ రెండో ప్రశ్న మాత్రం జట్టంతటికీ తెలుగులోనే అలవాటైపోయింది. టోంగా దీవుల నుంచి వచ్చిన ఒక పొడుగు పిల్ల ఉండేది, వ్యాన్ ఎక్కగానే అందరినీ "తిన్నవా, తిన్నవా" అని పలకరించేది. ఒకసారి పెట్రోలు బంకులో కౌంటర్ దగ్గరున్న అబ్బాయిని కూడా అడిగింది. అతను సర్దార్జీ. ఏమర్థమైందో ఏమో, ఒక సమోసా తీసి ఇచ్చాడు.

జవాబు అవును, కాదు అనే రావాలి. "బాగానే సర్" అంటే ఊరుకునేవారు కాదు. "లెక్కల్ల బాగానే అనే జవాబు లేదు బిడ్డా. అవునా, కాదా?"

నాలుగో ప్రశ్నకు ఎవరైనా కాదంటే మాత్రం ఆయన ముఖం చిన్నబోయేది. "భయం లేనోళ్ళు మలుపు కాడ అడుగు చూసుకోరు," అనేవారు. నేను పుట్టినప్పటి నుంచి భయస్తురాలిని. భయం అవిశ్వాసానికి చెల్లెలని మా సంఘంలో ఎన్నోసార్లు విన్నాను, ఆదివారం స్కూల్లో పిల్లలకు నేనూ చెప్పాను. భయపడినందుకు మెచ్చుకునే మనిషిని ఆయన్నే చూశాను.

ఆయన్ని నాకు మొదటిసారి చూపించింది కూడా నా భయమే. శనివారం పొద్దున, చలికాలం, గొర్రెలు మేసే పెద్ద పార్కులో పోటీ. మంచు మీద పొగలా ఆవిరి లేస్తోంది. తుపాకీ పేలగానే రెండు వందలమంది పిల్లలు ఒక్కసారిగా దూకారు. నా పిల్ల ఆ తొక్కిసలాటలో పడిపోతుందని నాకు ఖాయమైపోయింది. గొడుగు పక్కన పడేసి, కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. ఎంతసేపు చేశానో తెలియదు. పక్క నుంచి తెలుగు వినిపించింది.

"కండ్లు తెరిచి చేసుకో చెల్లె ప్రార్థన. బిడ్డ పోతున్నది."

కళ్ళు తెరిచేసరికి కెజియా మా ముందు నుంచి దాటిపోయింది. వీపు మాత్రం కనిపించింది.

"అయ్యో, చూడలేకపోయానండీ!"

"దేవునికి ఎట్లయిన కనవడ్తది. నీకే కనవడలే," అని నవ్వి, బురదలో చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయారు. అవును, చెప్పులే. బూట్లు వేసుకుంటే నేల ఎంత తడిగా ఉందో తెలియదట.

ఆయన గెలుపు గీత దగ్గర ఎప్పుడూ నిలబడేవారు కాదు. తల్లిదండ్రులం, మిగతా కాలేజీల కోచ్‌లు అందరం అక్కడే గుమిగూడి అరుస్తుంటే ఆయన మాత్రం దారిలో మూడొంతులు దాటాక వచ్చే ఏదో ఒక పల్లం చూసుకుని, ఎవరూ లేని చోట ఒక్కరే నిలబడేవారు. ఎందుకని అడిగాను. "గీత కాడ అందరు ఉరుకుతరు. మనిషి మనసు ఈడ ఆగుతది," అన్నారు.

ఈ పోటీలో జట్టు గెలుపుకు ఒక పద్ధతి ఉంది. ఆరుగురు పరుగెత్తాలి. ఆరుగురు ఎన్నో స్థానంలో వచ్చారో ఆ అంకెలన్నీ కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. ఒకరు తగ్గినా ఆ జట్టుకు లెక్కే లేదు. అందువల్ల మొదట వచ్చిన పిల్లను అందరూ భుజాల మీద ఎత్తుకుంటుంటే మాస్టారు ఆరోదాని కోసం చూస్తుండేవారు. తొంభై తొమ్మిది గొర్రెలను విడిచి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్ళిన కాపరి సంగతి మేము ఎన్ని ఆదివారాలు విన్నామో. పల్లంలో ఆ ఊదా జాకెట్టును చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చేది. ఒకసారి ఆ మాట ఆయనతో అన్నాను కూడా.

"గొర్రెలైతే మంచిగుండు," అన్నారు. "గొర్రెలు అబద్ధమాడవ్."

రగ్బీకే పేరున్న కాలేజీ అది. ఆయన చేతుల్లో అమ్మాయిల జట్టు ఆక్లాండ్ పోటీల్లో ఏటేటా గెలుస్తూ వచ్చింది. హాలు గోడ మీద చెక్క పలకలో ఆ ఏళ్ళన్నీ ఒకదాని కింద ఒకటి చెక్కి ఉంటాయి. డబ్బున్న కాలేజీల వాళ్ళు బస్సుల్లో, డేరాలతో వచ్చేవారు. మా పిల్లలు పాత వ్యాన్‌లో. దాన్ని ఆయనే నడిపేవారు, మోటార్‌వే మీద అందరికీ దారి ఇస్తూ. "సర్, మేము దిగి పరుగెత్తితే ముందే చేరతాం," అని పిల్లలు గోల పెట్టేవారు. "దిగుండ్రి. నంబర్లు పెట్టలేదింక," అనేవారు.

మా పాస్టర్ గారు ఆయన్ని ఒక క్రిస్మస్‌కు పిలిచారు. వచ్చారు, చివరి వరసలో కూర్చున్నారు. ఆ రోజు ప్రసంగం విశ్వాసి పరుగు గురించి. భోజనాల దగ్గర నేను ఆశగా అడిగాను, ఎలా ఉంది మాస్టారూ అని.

"పాస్టర్ సాబ్ పరుగు గురించి మస్తు చెప్పిండు. గని ఒక్కనాడన్న ఉరికిండా ఆయన?"

పాస్టర్ గారు వెనకే ఉన్నారు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "బస్సు కోసం ఒకసారి," అన్నారు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఆయన ఏ దేవుణ్ణి నమ్ముతారో నేను ఎప్పుడూ అడగలేదు.

పిల్లలను పరుగెత్తించడంలో ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. చేతిలో గడియారం ఉన్నా రోజువారీ సాధనలో దాన్ని చూసేవారు కాదు. పరుగెత్తుతూనే ఏదో ఒకటి గట్టిగా అప్పజెప్పమనేవారు. ఎవరికి వచ్చింది వాళ్ళు. సమోవా పిల్ల వాళ్ళ అమ్మమ్మ పాట, పంజాబీ పిల్ల పదమూడో ఎక్కం. మా అమ్మాయికి కంఠతా వచ్చింది పరలోక ప్రార్థన, అదీ తెలుగులో, మూడో ఏట నుంచి నేను నేర్పింది. దానికి మామూలుగా తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడమంటే ఇంగ్లిషులోకి జారిపోతుంది. ప్రార్థన మాత్రం ఒక్క అక్షరం తప్పదు. మైదానంలో కంచె మూల దగ్గర మొదలుపెడితే ఇనుప గేటు దగ్గరికి ఆమేన్ రావాలి. ఊపిరి ఎక్కడ తెగిందో దాన్ని బట్టి ఆ రోజు ఆ పిల్లను ఎంత పరుగెత్తించాలో ఆయన తేల్చుకునేవారు. దేవుని ప్రార్థనను ఇలా కొలబద్దగా వాడొచ్చా అని నాకు మొదట్లో మనసు పీకింది. తర్వాత అనుకున్నాను, రోజూ సాయంత్రం నాలుగింటికి నా పిల్ల ప్రార్థన చేస్తోంది కదా, చాలు.

ఇక అసలు సంగతికి వస్తాను.

కెజియాకు పదహారు నిండిన ఏడాది మావారి కంపెనీలో మనుషులను తగ్గించారు. ఆయన వీసా ఆ ఉద్యోగానికి ముడిపడింది. గడువులోగా ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా ఇక్కడే స్థిరపడే అనుమతి, రెసిడెన్సీ, రావాలి. ఆ ఫైలు ఎక్కడుందో ఎవరూ చెప్పరు. ఫోన్‌లో మెయిల్ శబ్దం వస్తే ముగ్గురం ఉలిక్కిపడేవాళ్ళం. కెజియా ముందు మేము ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. ఎత్తకపోతే పిల్లలకు తెలియదని పెద్దవాళ్ళు అనుకుంటారు.

మా తెలుగు సంఘంలో ఇంకో మూడు కుటుంబాలది అదే పరిస్థితి. అందుకని నలభై రోజుల గొలుసు ఉపవాసం పెట్టుకున్నాం. రోజుకొకరు సూర్యోదయం నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఏమీ ముట్టకుండా ప్రార్థనలో ఉండాలి. పిల్లలు వద్దని పాస్టర్ గారు ముందే చెప్పారు. చార్టు గీసే పని నాది. నలభై గడులు గీసి, మా ఆరాధన జరిగే హాలు తలుపు పక్కన అంటించాను. రెండో వారానికే చిక్కొచ్చింది. ఒకరికి షుగరు, ఒకరికి నైట్ షిఫ్టులు. గడులు ఖాళీగా మిగిలాయి. ఆదివారం అందరి ముందు లేచి నిలబడి అన్నాను, "ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదు. ఒక్క లంకె తెగితే గొలుసే తెగినట్టు."

మరుసటి ఆదివారం చూస్తే ఖాళీ గడుల్లో పెన్సిలుతో చిన్న చిన్న సిలువ గుర్తులు. పేరు లేదు. నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. మైకు తీసుకుని సాక్ష్యం చెప్పాను. "పేరు చెప్పుకోకుండా గొలుసు నిలబెట్టిన ఆ విశ్వాసిని రహస్యమందు చూసే తండ్రి చూస్తున్నాడు," అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. రెండో వరసలో కెజియా తల వంచుకుని కూర్చుంది. నా పిల్లకు ఎంత భక్తి అనుకున్నాను.

ఆ రోజుల్లో నావన్నీ సాయంత్రం షిఫ్టులు. ఇంటికొచ్చేసరికి అది పుస్తకం ముందు ఉండేది. "తిన్నానమ్మా," అనేది. లంచ్ డబ్బా కడిగి బోర్లించి ఉండేది. ఇంకేం కావాలి?

ఆక్లాండ్ కాలేజీల పోటీ వచ్చింది. జట్టులో ఏడో పిల్లకు చీలమండ వాచింది. అంటే సరిగ్గా ఆరుగురే. వీళ్ళు గెలిస్తే చెక్క పలక మీద ఇంకో ఏడు చేరుతుంది. తర్వాత దేశం మొత్తం మీద జరిగే పోటీకి ధైర్యంగా వెళ్ళొచ్చు. ఆ వారమంతా మా సంఘంలో జట్టు కోసం కూడా ప్రార్థన చేశాం.

మాస్టారు వరసలో నిలబెట్టి పిన్నీసులు పెడుతున్నారు. కెజియా ఐదో పిల్ల. మొదటిది పెట్టారు. రెండోది పెడుతూ ఏదో అడిగారు. అది తల ఊపింది. మూడు, నాలుగు కూడా పెట్టారు. పెట్టి అక్కడే నిలబడిపోయారు. దాని ముఖంలోకి చూశారు. మళ్ళీ అదే ప్రశ్న అడిగినట్టున్నారు. అది మళ్ళీ తల ఊపింది. అప్పుడాయన ఒక్కొక్క పిన్నీసు తీసేశారు. నాలుగూ. నంబరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

నేను పరుగున వెళ్ళాను. జీవితంలో నేను పరుగెత్తింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

"ఏంటండీ మాస్టారూ ఇది? అందరి ముందు! మా అమ్మాయి ఏం తప్పు చేసింది?"

మిగిలిన ఐదుగురు పిల్లలు కొయ్యబారిపోయారు. టోంగా పిల్ల, "సర్, మరి జట్టు?" అంది.

"జట్టు లేదియ్యాల. మీ కోసం మీరు ఉరుకుండ్రి," అన్నారు, తెలుగులో, ఇంగ్లిషులో రెండింట్లోనూ. కెజియాకు ఒక నారింజ పండు ఇచ్చి వ్యాన్‌లో కూర్చోమన్నారు. నాతో, "దా చెల్లె," అని పల్లం వైపు నడిచారు. నేను కోపంగా వెనకే వెళ్ళాను.

పల్లంలో మా ఇద్దరమే. దూరంగా తుపాకీ పేలింది.

"మీకు తెలుసా, ఈ వారమంతా మేము దీని కోసమే ప్రార్థన చేశాం!"

"మీ ప్రార్థన గురించే చెప్తున్న," అన్నారు. "నాకది రాదు. గని ఎంత పొడుగో తెలుసు. రెండేండ్ల సంది ఇంటున్న. గేటు కాడికి ఆమేన్ రావాలె. పది పదిహేను దినాల సంది గేటు దాక వస్తలేదు. మొన్న పాపాల కాడ ఆగింది. నిన్న అన్నం అడిగే కాడ ఆగిపోయింది."

నేను వెనక్కి, వ్యాన్ ఉన్న వైపు తిరిగాను.

"ఎన్నొద్దుల సంది తింటలేదు చెల్లె?"

"మా ఇంట్లో తిండికేం లోటు లేదండీ!"

"లోటున్న ఇంట్ల పిల్లలు దాచుకోని తింటరు. లోటు లేని కాడనే గిట్ల మానేస్తరు. ఏదో మొక్కు పట్టుకున్నది ఆ పిల్ల. ఏందో నాకు తెల్వది. నీకు తెలుస్తది."

అప్పుడు తెలిసింది. గడులు. పెన్సిలు సిలువలు. ఉపవాసం ఉన్నవాళ్ళు ముఖం కడుక్కుని నవ్వుతూ తిరగాలని, ఎవరికీ తెలియనివ్వకూడదని ఆదివారం స్కూల్లో ఆ పిల్లకు నేర్పింది నేనే. నేర్పిన పాఠం నేర్పినట్టు చేసింది. పదకొండు సిలువలు. ఆ సిలువలకు మైకు పట్టుకుని కృతజ్ఞత చెప్పింది నేను.

గడ్డి మీద కూలబడ్డాను. ఆయన నన్ను లేపలేదు, ఓదార్చలేదు. ఐదుగురు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మమ్మల్ని దాటుకుంటూ పోయారు. లెక్కకు రాని పరుగు. అయినా ప్రతి ఒక్కరికీ ఆయన పేరు పెట్టి ఏదో ఒకటి అరిచారు. ఆఖరి పిల్ల దాటాక నా చెయ్యి పట్టుకుని నాలుగు పిన్నీసులు అరచేతిలో పెట్టారు.

"దగ్గర పెట్టుకో. తిన్నదని నువ్వు చెప్పేనాడు తెచ్చియ్యి. దాని మాట నేను నమ్మ. నీ మాట నమ్ముత."

వ్యాన్‌లో కెజియా నారింజ పండు ఒలవకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"ఎన్ని రోజులు కెజీ?"

"ఎంప్టీ బాక్సెస్ మాత్రమే అమ్మా. చైన్ తెగిపోతే డాడీ వీసా... నువ్వే చెప్పావు కదా."

నేనే చెప్పాను కదా. ఆ మాట ఈ రోజుకూ వినిపిస్తుంది.

డాక్టర్ దగ్గర ఇంకా విన్నాను. రక్తం అడుగంటింది. నాలుగు నెలలుగా నెలసరి లేదు. ఆ సంగతి కూడా నాకు తెలియదు. గొలుసు కంటే ముందే, మావారి ఉద్యోగం పోయిన నాటి నుంచే అది సగం కడుపుతో ఉందన్నమాట. తొడ ఎముక పైభాగంలో సన్నని గీతలా పగులు మొదలైంది. డాక్టరమ్మ ఆ ఎముక ఫోటో చూపిస్తూ, "ఇంకొక్క గట్టి పరుగుతో విరిగి ఉండేది," అంది. ఇంగ్లిషులో మామూలుగా, వాతావరణం చెబుతున్నట్టు చెప్పింది. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

చెక్క పలక మీద ఆ ఏడాది చోటు ఖాళీగానే ఉంది. ఇప్పుడు వెళ్ళినా చూడొచ్చు. కాలేజీలో ఆయన్ని చాలామంది తప్పుపట్టారని తర్వాత విన్నాను. కారణం ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆడపిల్ల ఆరోగ్యం సంగతి పదిమందిలో పెట్టకూడదని తనమీదే వేసుకున్నారు. "నంబర్ల లెక్క తప్పింది," అన్నారట. లెక్కల మాస్టారు!

తర్వాతి ఆదివారం నేను రబ్బరు పట్టుకుని వెళ్ళి ఆ పదకొండు సిలువలూ చెరిపాను. అందరి ముందు జరిగింది చెప్పాను. పాస్టర్ గారు లేచి, "గడులు ఖాళీగా ఉంచండమ్మా. ఖాళీ గడిలో కూడా ఆయన ఉంటాడు," అన్నారు. మా సంఘంలో అంత చిన్న ప్రసంగం ముందూ లేదు, తర్వాతా లేదు.

హాలు బయటకొచ్చేసరికి మాస్టారు వ్యాన్ దగ్గర నిలబడి ఉన్నారు. పిల్ల ఎలా ఉందో కనుక్కోవడానికి వచ్చారు. చెప్పాను. విన్నారు. తర్వాత అడిగారు, "ఆ గడులు ఇంకెన్ని మిగిలినయ్?"

"ఇంకా ఉన్నాయండీ. ఖాళీగా ఉంచమన్నారు."

"ఒకటి నాకియ్యి. గురువారం. బిడ్డ పేరు మీద."

"మీకెందుకు మాస్టారూ! మీరు..."

"మీ దేవునికి నా తెలుగు అర్థంగాదా ఏంది?"

నేను నవ్వానో ఏడ్చానో. గురువారం గడిలో ఆయన పేరు రాశాను. ఆ రోజు సాయంత్రం సాధన దగ్గరికి వెళ్ళాను. ఆయన రోజూ తినే నారింజ పండు కంచె మీద అలాగే ఉంది. ఆరు దాటాక దాన్ని ఒలిచి, సగం నాకిచ్చారు.

మావారికి ఉద్యోగం దొరికింది, ఆ తర్వాత చాలా నెలలకు రెసిడెన్సీ వచ్చింది. దాని గురించి నేను సంఘంలో ఎన్నోసార్లు సాక్ష్యం చెప్పాను. ఈ పిన్నీసుల సాక్ష్యం మాత్రం ఇవాళే చెబుతున్నాను.

మరుసటి ఏడాది చలికాలం మొదటి పోటీ రోజున ఆ నాలుగు పిన్నీసులు రుమాలులో మూటగట్టి తీసుకెళ్ళాను. తెల్లవారుజామున లేచి ఇడ్లీలు పెట్టి, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ తినిపించాను. "అమ్మా, ఇట్స్ క్రీపీ," అంది కెజియా. అననీ. వరసలో దాని వంతు వచ్చింది. ఆయన నా వైపు చెయ్యి చాపారు. పిన్నీసులు ఇచ్చాను.

"పండుకున్నవా?" దాన్ని అడిగారు.

రెండో పిన్నీసు దగ్గర నా వైపు తిరిగారు. "తిన్నదా?"

"తిన్నదండీ. నాలుగు ఇడ్లీలు. నా కళ్ళ ముందు."

"నొస్తున్నదా?" లేదంది.

నాలుగోది పెడుతూ మళ్ళీ నన్నే అడిగారు. "భయమైతుందా?"

"అవునండీ."

"మంచిది. కండ్లు తెరిచి చూడు."

చూశాను. మొత్తం చూశాను. అది మా జట్టులో ఆరోదిగా వచ్చింది, అంటే ఆఖరు. పల్లంలో ఆయన ముందు నుంచి వెళ్తుంటే దాని పెదవులు కదులుతున్నాయి. ఏం చదువుతోందో మా ఇద్దరికీ తెలుసు. ఆ ఏడాది జట్టు దేశం పోటీల్లో మూడో స్థానంలో వచ్చింది. పిల్లలకు పతకాలిచ్చారు. కోచ్‌కు పతకం ఇవ్వరు. పిల్లలు ఆరుగురూ తమ నంబర్లలోంచి తలా ఒక పిన్నీసు తీసి ఆయన జాకెట్టుకు తిరిగి పెట్టారు. ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రశ్న అడిగారు. "తిన్నవా సర్?" అని మొదట అడిగింది టోంగా పిల్ల. వ్యాన్ నడిపే హడావిడిలో పొద్దుటి నుంచి ఆయన ఏమీ తినలేదని అప్పుడు బయటపడింది.

ఇప్పుడు కెజియా ఇక్కడికి కారులో గంటకు పైగా దూరంలో, హామిల్టన్ దగ్గర రోటోటూనాలో ప్రైమరీ స్కూల్ టీచరు. చిన్నపిల్లలను పరుగెత్తిస్తుంది. ఒక్కతే ఉంటుంది. వంట కుదరదంటుంది, టైమ్ లేదంటుంది. నేను రోజూ ఫోన్ చేసి అడుగుతాను, అది రోజూ చెబుతుంది, "తిన్నానమ్మా, బాగానే ఉన్నాను." ఆ రెండో మాట దగ్గరే నాకు అనుమానం. బాగానే అనే జవాబు లేదు కదా.

మంగళవారం దుప్పట్ల గదిలో నిలబడి నేను అడిగిన ప్రశ్న అదే.

"తిన్నావా కెజీ?"

అటు పక్క ఏడుపు ఆగింది. అది అబద్ధం చెప్పగలదు. ఒకప్పుడు నా ముందూ, ఆయన ముందూ, దేవుని ముందూ తల ఊపిన పిల్ల.

"లేదమ్మా," అంది. "నిన్న సాయంత్రం నుంచి ఏమీ తినలేదు."

ఆయన ఉంటే ఆ జవాబుకు ముఖం వెలిగిపోయేది.

సూపర్‌వైజర్‌కు చెప్పి ఇంటికి వచ్చాను. అన్నం వండాను, పప్పు తాలింపు పెట్టాను, దానికి ఇష్టమని ఆమ్లెట్ వేశాను. డబ్బా మూత పెట్టి, ఇంకా వేడిగా ఉండగానే కారెక్కాను. వాన పడుతోంది, లారీలు నీళ్ళు చిమ్ముతున్నాయి. భయం నా పక్క సీట్లోనే కూర్చుంది. రోటోటూనా దాకా ప్రార్థన చేసుకుంటూనే వెళ్ళాను, కళ్ళు తెరుచుకుని.